అల్‌కిందీ త్రిత్వ ఖండన – ఒక పరిశీలన

క్రైస్తవ మూల సిద్ధాంతాలపై అరబ్బీ తత్వవేత్తలు రాసినవాటిలో అల్‌కిందీ త్రిత్వ ఖండన చాలా చిన్నది. తొమ్మిదో శతాబ్దపు ఆ రచన విడిగా లభించదు. అల్‌ఫారాబీ శిష్యుడైన బగ్దాదు క్రైస్తవుడు యహ్యా బిన్ అదీ హి. 350 (క్రీ.శ. 961)లో దానికి జవాబు రాస్తూ అందులోని వాక్యాలను ఉదహరించాడు గనుకనే అది మిగిలింది. ముస్లిం తత్వవేత్త ఖండనను భద్రపరచింది క్రైస్తవుని కలమే!

అల్‌కిందీ ఆధారం తర్కశాస్త్రం, అందునా పార్ఫిరీ ఈసాగోజీ. మదరసాలో అదే పేరుగల అబ్హరీ పుస్తకం చదివినవారికి ఆ పరిభాష కొత్త కాదు. మూడు ఉఖ్నూములకూ జౌహర్ (మూలసత్త) ఒకటే; ఒక్కొక్కదానికి ఒక్కొక్క ప్రత్యేక లక్షణం. అంటే ప్రతిదీ రెండింటి కూర్పు. కూర్పుకు కారణం కావాలి. కారణం గలది అనాది కాజాలదు.

ఇంట ఉర్దూ, బడిలో తెలుగు నేర్చిన ఆత్మకూరు పాఠకుడికి ఈ వాదం తెలుగులో ఎలా అందుతుంది? ఉఖ్నూమ్‌ను ‘వ్యక్తి’ అంటే కళ్లముందు ముగ్గురు మనుషులు నిలబడతారు. జౌహర్‌ను ‘ద్రవ్యం’ అంటే సామాన్యుడికి డబ్బు స్ఫురిస్తుంది. అటువంటి అనువాదంలో అల్‌కిందీ అతి సులభంగా గెలుస్తాడు. కాని ఆ గెలుపు ఆయనది కాదు. ‘త్రియేక దేవుడు’ అనే పొరుగింటి క్రైస్తవుడు అందులో తన విశ్వాసాన్ని గుర్తుపట్టడు కూడా. ఉఖ్నూమ్ సిరియాక్ నుంచి వచ్చిన మాట. అరబ్బులే దాన్ని అనువదించక ఉంచుకున్నారు. తెలుగులోనూ అట్లే ఉంచి ఒకసారి వివరించడం మేలు.

దేవుడు ఒక విధంగా ఏకం, మరొక విధంగా అనేకం అని యహ్యా జవాబు. ఏకత్వంపై రాసిన గ్రంథంలో ఆయన ఔదార్యం, వివేకం, శక్తి అనే మూడు గుణాలను చెబుతాడు. గుణాలే అయితే మూడింటి దగ్గర ఆగడమెందుకన్న ప్రశ్నకు ఆయన సమాధానం బలహీనమే.

అయితే కూర్పు వాదాన్ని చివరిదాకా లాగితే అది అష్అరీల గుమ్మంలోకీ వస్తుంది. అల్లాహ్ జ్ఞానం, శక్తి అనాది గుణాలన్నవారిని ముఅతజిలీలు క్రైస్తవులతో పోల్చింది ఇందుకే. గుణాల వల్ల కూర్పు ఏర్పడుతుందన్న తత్వవేత్తల వాదాన్ని గజాలీ తహాఫుతులో ఎదుర్కొన్నాడు. కనుక ఈ ఆయుధం ఎత్తేవారు దాని రెండు అంచులూ చూడాలి.

ఇక్కడ తఫ్తాజానీ (మ. 1390) షర్హుల్ అఖాయిద్‌లో చూపిన దారి గట్టిది. గుణాలు ఆయనే కావు, ఆయనకు అన్యమూ కావు. క్రైస్తవుల దోషం జ్ఞానమనే ఉఖ్నూమ్ ఈసా (అలైహిస్సలాం) దేహంలోకి మారిందనడంలో ఉంది. మారగలిగినది వేరు ఉనికి గలదే అవుతుంది. కాని ‘మారింది’ అనే మాటను యహ్యా వంటివాడు ఒప్పుకోడు, ‘ఏకమైంది’ అంటాడు. వాదం జరగవలసింది అక్కడ.

యహ్యా జవాబును విడిచి అల్‌కిందీని మాత్రమే తెలుగులోకి తేవడం న్యాయం కాదు. ఫ్రెంచి పండితుడు పెరియే 1920లో అరబ్బీ పాఠాన్ని ప్రచురించినప్పుడు రెండూ కలిసే వెలువడ్డాయి.