పిల్లలకోడి చుట్టూ నీలం

కార్తీక పౌర్ణమినాడు చంద్రుడు కృత్తికల దగ్గరే ఉంటాడు. నెలకు ఆ పేరు వచ్చింది అందుకే. ఆ వెన్నెల్లో కృత్తికలను ఫొటో తీయడం కుదరదు. అమావాస్య దాకా ఆగాలి. మన పల్లెల్లో పిల్లలకోడి అనే ఈ చుక్కల గుంపు ఒక ధూళి మేఘం గుండా సాగిపోతోంది. చుక్కల వెలుగు పడి ఆ ధూళి నీలంగా మెరుస్తుంది. మామూలు కంటికి అది ఆనదు. 1885లో పారిస్‌లో ఖగోళ శాస్త్రజ్ఞులైన హెన్రీ సోదరులు తీసిన ఫొటో ప్లేటు మీద, ఈ గుంపులోని మాయా నక్షత్రం పక్కన, అప్పటిదాకా తెలియని మేఘపు తునక ఒకటి బయటపడింది.

రెండేళ్లకు పారిస్‌లోనే, ఆకాశాన్నంతా ప్లేట్లకెక్కించే అంతర్జాతీయ పథకం మొదలైంది. అందులో ఒక వాటా పనిని తర్వాత మన హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ తలకెత్తుకుంది. ప్లేటు కడగడం, చుక్కచుక్కనూ కొలిచి రాసుకోవడం వాళ్ల పని. ఇవాళ కంప్యూటర్ ముందు మనం చేసే ప్రాసెసింగ్ ఆ ఓపికకు కొనసాగింపే. ఫొటోకు సోకులద్దడమని చాలామంది అనుకుంటారు. కానే కాదు. చాటలో చెరిగితే బియ్యం పెరగవు, ఊక పోతుంది. ఇదీ అంతే.

పోయిన చలికాలం నల్లమల అంచున రెండేసి నిమిషాల ఫ్రేములు 64 తీశాను. ఒకటి తెరిచి చూస్తే నాలుగు చుక్కలు, వాటి వెనక ఇసుక చల్లినట్టు నాయిస్. నీలం జాడే లేదు. కానీ ధూళి వెలుగు ప్రతి ఫ్రేములోనూ ఒకేచోట పడుతుంది, నాయిస్ మాత్రం ఫ్రేముకోలా మారుతుంది. చుక్కల ఆధారంగా అన్నిటినీ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చి సగటు తీస్తే ఆ ఇసుక ఎనిమిదో వంతుకు దిగుతుంది. స్టాకింగ్ అంటే ఇదే. ఏదో ఒక్క ఫ్రేములో గీత గీసి పోయిన శాటిలైట్‌ను, మిగతా ఫ్రేములతో పోల్చి సాఫ్ట్‌వేరే పక్కన పెడుతుంది. సిరిల్, డీప్ స్కై స్టాకర్ రెండూ ఉచితమే.

అంతకుముందే తీసేయాల్సినవి రెండున్నాయి. చీకట్లో కూడా సెన్సర్ తన వేడికి తానే కొంత సిగ్నల్ పుట్టిస్తుంది. లెన్సుకు మూత పెట్టి, అదే ఎక్స్‌పోజర్‌తో, అదే చలిలో డార్క్ ఫ్రేములు తీసి దాన్ని మినహాయించాలి. ఒకసారి బద్ధకించి మర్నాడు ఇంట్లో తీశాను. గది వెచ్చదనానికి లెక్క తప్పి, ఆ రాత్రి పనంతా మచ్చలమయమైంది. రెండోది, సెన్సర్ మీది దుమ్ము, అంచుల్లో లెన్సు తెచ్చే మసక. దీనికి తెల్లవారుజామున, కెమెరా కదపకుండా, ఫోకస్ మార్చకుండా, లెన్సుకు తెల్ల పంచె ముడత లేకుండా బిగించి ఫ్లాట్ ఫ్రేములు తీయాలి.

ఇంతా చేశాక కూడా తెరమీద బొమ్మ నల్లగానే ఉంటుంది! సమాచారమంతా హిస్టోగ్రామ్‌లో, అంటే వెలుగు స్థాయిల గ్రాఫ్‌లో, ఎడమ అంచున ఇరుక్కుని ఉంటుంది. ముందు ఊరి దీపాల కాంతి తెచ్చిన నారింజ పొరను తీసేసి, ఆ తర్వాత చీకటి భాగాన్ని కొద్దికొద్దిగా పైకి లాగాలి. ఇదే స్ట్రెచింగ్. మూడో నాలుగో విడతలో మాయా చుట్టూ పొగలాంటి నీలం తేలింది, దాని కింద దువ్వినట్టు సన్నటి చారలు. అక్కడ చెయ్యి ఆపడం తెలియాలి. ఇంకా లాగితే చుక్కలు రంగు పోయి తెల్లబడతాయి. నాయిస్ మరీ నునుపు చేస్తే ధూళి ప్లాస్టిక్‌లా తేలుతుంది. వెనకున్న ఆకాశాన్ని కారు నలుపు చేయకండి, అక్కడా పలచని ధూళి ఉంది. లేని చారలు గీసిపెట్టే టూల్స్ జోలికి అసలే పోవద్దు.

ఫొటో పూర్తయిందని ఒరిజినల్ ఫైళ్లు చెరిపేయకండి, డార్కులూ ఫ్లాట్లతో సహా దాచండి. నాయిస్ ఇంకో సగం తగ్గాలంటే నాలుగింతలు ఫ్రేములు కావాలి. నా 64కు వచ్చే అమావాస్యల్లో ఇంకా 192 తీయాలి.