ఐసెంక్ రచనలకు ఐసెంక్ కొలబద్ద

మూర్తిమత్వ సిద్ధాంతాల పాఠంలో హాన్స్ ఐసెంక్ పేరు మీరు ఇదివరకే చదివారు. బహిర్ముఖత, న్యూరాటిసిజం వంటి పరిమాణాలతో మనుషుల మూర్తిమత్వాన్ని కొలిచిన శాస్త్రవేత్తగా ఆయన మీకు పరిచితుడే. ఆ సిద్ధాంతాన్ని ఇక్కడ మళ్లీ చెప్పడం లేదు. ఆయన ప్రచురణల పట్టికను ముందు పెట్టుకొని, ఒక పరిశోధకుడి రచనలను ఎలా తూకం వేయాలో చూద్దాం.

పట్టిక చాలా పెద్దది. 1916లో బెర్లిన్‌లో పుట్టి, నాజీల పాలనలో జర్మనీ విడిచి, లండన్‌లో స్థిరపడి 1997లో మరణించిన ఐసెంక్ సుమారు 80 పుస్తకాలు, వెయ్యికి మించిన వ్యాసాలు రాశాడు. ఇరవయ్యో శతాబ్దపు ప్రముఖ మనోవిజ్ఞానవేత్తలపై 2002లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, పరిశోధన పత్రికల్లో అత్యధికంగా ఉల్లేఖనలు పొందినవారిలో ఫ్రాయిడ్, పియాజేల తరవాతి స్థానం ఆయనదే. ఇంత పట్టిక చూడగానే చేతులు జోడించాలనిపించడం సహజం. మన దేశంలో కూడా 2010లో యూజీసీ పాయింట్ల పద్ధతి తెచ్చాక వ్యాసాలను లెక్కపెట్టడం బాగా అలవాటైంది. ఎంపిక సంఘాల్లో నేను చూసినంతవరకు వ్యాసాల సంఖ్యను కూడినవారే ఎక్కువ, వ్యాసాన్ని తెరిచి చదివినవారు తక్కువ. మీరు తెరిచి చదవండి. రెండు వ్యాసాలు చాలు, 1952 నాటిది ఒకటి, 1991 నాటిది ఒకటి.

1952 వ్యాసం మనశ్చికిత్స ఫలితాల మూల్యాంకనం. అచ్చులో ఆరు పేజీలే. అప్పటికి ప్రచురితమైన 24 అధ్యయనాలను, ఏడు వేలకు పైగా రోగుల వివరాలను తీసుకొని ఐసెంక్ ఒక సూటి ప్రశ్న వేశాడు. చికిత్స పొందినవారిలో ఇంతమందికి నయమైందని మీరంటున్నారు, సరే. చికిత్స లేకుండానే ఎంతమందికి నయమయ్యేది? కాకి వాలగానే తాటిపండు రాలితే కాకి బరువుకే రాలిందనగలమా? ఆయన లెక్కలో మనోవిశ్లేషణ పొందినవారిలో 44 శాతం, ఇతర మిశ్రమ పద్ధతుల్లో చికిత్స పొందినవారిలో 64 శాతం మెరుగయ్యారు. మనశ్చికిత్స లేనివారిలో 72 శాతం మెరుగయ్యారు. నియంత్రిత సమూహం లేకుండా ఏ చికిత్స గురించీ గొప్పలు చెప్పకూడదన్నదే దీని సారాంశం. ఈ వ్యాసం పుట్టించిన కోపం నుంచే మనశ్చికిత్స ఫలితాలను పద్ధతిగా పరీక్షించే ఒరవడి బలపడింది. ఆయన పట్టికలో ఇంత మేలు చేసిన రచన మరొకటి లేదని నా అభిప్రాయం.

అయితే ఆ కొలబద్ద కూడా పూర్తిగా తిన్ననిది కాదు. మనోవిశ్లేషణను మధ్యలో మానేసినవారిని ఆయన విఫలమైనవారి లెక్కలో వేశాడు. వారిని తీసేస్తే 44 శాతం కాస్తా 66 అవుతుంది. ఇక 'చికిత్స లేనివారు' అన్నది ఎవరిని? ఒక గుంపు ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో ఉన్నవారు, మరో గుంపు బీమా సొమ్ముకు దరఖాస్తు పెట్టుకొని మామూలు వైద్యుల దగ్గర మందులు, ధైర్యవచనాలు పొందినవారు. ఎవరినీ యాదృచ్ఛికంగా విభజించలేదు. లోపాలు ఉన్నా, అడిగిన ప్రశ్న సరైనది. దాన్ని గుర్తుంచుకొని ముందుకు వెళ్దాం.

పట్టికలో ఐసెంక్ వైద్యశాస్త్రపు గడప తొక్కింది పొగాకు విషయంలో. ధూమపానం, ఆరోగ్యం, మూర్తిమత్వం గురించిన ఆయన పుస్తకం 1965లో వచ్చింది. సిగరెట్టు వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందనడానికి రుజువు చాలదనీ, పొగతాగే అలవాటుకూ క్యాన్సర్‌కూ వెనక ఒకే జన్యు లక్షణం, ఒకే మూర్తిమత్వం ఉండవచ్చనీ ఆయన వాదన. అడగడం తప్పు కాదు. గణాంకశాస్త్ర దిగ్గజం రొనాల్డ్ ఫిషర్ 1950లలోనే ఇలాంటి సందేహం లేవనెత్తాడు. కానీ 1964లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక వచ్చాక, సాక్ష్యం ఏటేటా పెరుగుతున్నా, ఐసెంక్ మాత్రం అక్కడే నిలబడ్డాడు. పొగాకు పరిశ్రమ నుంచి ఆయనకు 8 లక్షల పౌండ్లకు పైగా అందినట్టు 1996లో పత్రికలు బయటపెట్టాయి. సొమ్ము తీసుకున్నంత మాత్రాన ఫలితం తప్పని తేలదు. అయితే పాఠకుడికి ముందే తెలియాల్సిన సంగతి అది.

1980లలో ఐసెంక్, హైడెల్‌బర్గ్‌లో పనిచేసే రోనాల్డ్ గ్రోసార్ట్-మాటిచెక్‌తో చేతులు కలిపాడు. అప్పటి యుగోస్లావియాలోని త్స్ర్వెంకా అనే పట్టణంలో 1353 మందిని, ఆపై హైడెల్‌బర్గ్‌లో మరికొందరిని ఏళ్ల తరబడి గమనించిన దత్తాంశం గ్రోసార్ట్-మాటిచెక్‌ది. మనుషులను వీరు రకాలుగా విడదీశారు. బాధను లోపలే దాచుకొని నిస్సహాయంగా ఉండేవారు క్యాన్సర్‌కు, కోపం వీడనివారు గుండెజబ్బుకు లోనవుతారనీ, తమ కాళ్ల మీద తాము నిలబడేవారు ఆరోగ్యంగా ఉంటారనీ చెప్పారు. క్యాన్సర్ రకం వారికి ఆరోగ్యవంతుల రకంతో పోలిస్తే ఆ జబ్బుతో చనిపోయే ముప్పు నూరు రెట్లకు పైనే అన్నారు. పొగతాగేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పది, ఇరవై రెట్లు అంటేనే ప్రపంచం ఉలిక్కిపడిందని గుర్తు చేసుకోండి.

1991 వ్యాసం ఆ జంట రాసినదే. క్యాన్సర్‌కు లోనయ్యే రకంగా గుర్తించిన వంద మందిలో యాభై మందికి కొద్ది గంటల ప్రవర్తనా చికిత్స ఇచ్చారట. పదమూడేళ్ల తరవాత చికిత్స పొందినవారిలో 45 మంది బతికి ఉన్నారు, పొందనివారిలో 19 మంది. క్యాన్సర్‌తో చనిపోయినవారు ఒక పక్క సున్నా, మరో పక్క 16. ఇంకో అధ్యయనంలో ఒక కరపత్రం చదివించి కాసేపు చర్చించినా ఇంచుమించు అలాంటి రక్షణే దొరికిందన్నారు.

ఇప్పుడు 1952 నాటి ప్రశ్న వేయండి. ఇక్కడ నియంత్రిత సమూహం ఉంది. కాబట్టి ప్రశ్నను ఇంకాస్త లోతుకు దించాలి. సమూహాల్లోకి ఎవరిని ఎలా విభజించారు? మరణకారణాన్ని నిర్ధారించినవారికి ఎవరు ఏ సమూహమో తెలుసా? ఏ మందూ, ఏ శస్త్రచికిత్సా ఇవ్వని ఫలితం కొద్ది గంటల మాటలకు ఎలా వచ్చింది? 1992లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆంటొనీ పెలోసీ, లూయిస్ ఆపిల్‌బీ ఇలాంటి అనుమానాలే లేవనెత్తారు. అంతకుముందే డచ్ పరిశోధకుడు వాన్ డెర్ ప్లూగ్ ఆ దత్తాంశంలో కొంత మళ్లీ పరిశీలించి నమ్మశక్యంగా లేదన్నాడు. ఐసెంక్ సమాధానాలు రాశాడు, కానీ వెనక్కి తగ్గలేదు. 1978లో ఇతరుల మనశ్చికిత్స అధ్యయనాలను కలిపి లెక్కించిన గ్లాస్, స్మిత్‌లను, నాసిరకం అధ్యయనాలను పోగేస్తే నాసిరకం ఫలితమే వస్తుందని ఎగతాళి చేసిన మనిషి ఆయనే. సహరచయిత దత్తాంశం దగ్గరకు వచ్చేసరికి ఆ చురుకుదనం కనిపించదు.

వ్యాసం ఏ పత్రికలో అచ్చయిందో కూడా చూడండి. విమర్శకులు దీన్ని అంతగా పట్టించుకోలేదని నాకు అనిపిస్తుంది. 1991 వ్యాసం వచ్చిన 'బిహేవియర్ రీసెర్చ్ అండ్ థెరపీ' 1963లో ఐసెంక్ స్థాపించిన పత్రిక. ఈ కోవలోని మరికొన్ని వ్యాసాలు వచ్చిన 'పర్సనాలిటీ అండ్ ఇండివిడ్యువల్ డిఫరెన్సెస్' కూడా 1980లో ఆయన స్థాపించినదే. చెప్పినవి వైద్య విషయాలు, చదివి పరీక్షించినవారు ఎక్కువగా మనోవిజ్ఞాన రంగం వారు. కణితి ఏ రకం, మరణ ధ్రువీకరణ ఎవరిది, మధ్యలో ఎంతమంది కనిపించకుండా పోయారు అని అడగడం సాంక్రమిక రోగశాస్త్రవేత్తకు వెన్నతో పెట్టిన విద్య, ప్రశ్నావళులతో పనిచేసేవారికి కాదు. వైద్యులేమో ఇది మనోవిజ్ఞానం కదా అని ఊరుకున్నారు. రెండు శాస్త్రాల పొలిమేరలో కాపలా లేని చోట ఈ వ్యాసాలు పెరిగాయి.

తరవాతి పరిశోధన ఏం చెప్పింది? 2010లో స్వీడన్, ఫిన్లాండ్ కవలల జాబితాల నుంచి 59,548 మందిని పరిశీలించి, బహిర్ముఖతకు గానీ న్యూరాటిసిజంకు గానీ క్యాన్సర్ ముప్పుతో సంబంధం కనిపించలేదని తేల్చారు. అక్కడ వాడిన ప్రశ్నావళి ఐసెంక్‌దే కావడం విశేషం. ఆయన తయారుచేసిన సాధనం మన్నింది, ఆయన వైద్య సిద్ధాంతం మన్నలేదు.

ఇదంతా లండన్‌లో ముగిసిన పాత గొడవ అనుకోకండి. కౌన్సెలింగ్ కోర్సు చేస్తున్న మీలో కొందరు రేపు క్యాన్సర్ రోగుల ఎదుట కూర్చుంటారు. రొమ్ము క్యాన్సర్ వచ్చిన తల్లితో "అన్నీ మనసులో పెట్టుకొని కుమిలిపోయావమ్మా, అందుకే ఇది" అని చుట్టాలు అనడం మన ఇళ్లలో మామూలే. ఆ మాటకు శాస్త్రం ముద్ర వేసినవి ఈ వ్యాసాలు. జబ్బుతో పాటు, జబ్బు తెచ్చుకున్నానన్న నింద కూడా ఆమె మోయాలి. పక్కగదిలో చుట్టలు తాగే పెద్దాయనకేమో "నిబ్బరం గల మనిషి, ఆయనకేం కాదు" అన్న భరోసా.

2019లో పెలోసీ మళ్లీ రాశాడు. 1992 నుంచి 27 ఏళ్లు గడిచాయి. ఆయన వ్యాసాన్ని ప్రచురించిన పత్రిక సంపాదకుడు డేవిడ్ మార్క్స్ కింగ్స్ కాలేజ్ లండన్‌కు బహిరంగ లేఖ రాశాడు. కాలేజీ విచారణ జరిపి, గ్రోసార్ట్-మాటిచెక్‌తో కలిసి రాసిన 26 వ్యాసాలు నమ్మదగినవి కావని తేల్చింది. 2020లో 14 వ్యాసాలను పత్రికలు ఉపసంహరించాయి, మరో అరవైకి పైగా వ్యాసాలపై ఆందోళన ప్రకటనలు వేశాయి. మోసం జరిగిందని ఆ విచారణ అనలేదు, నమ్మదగినవి కావని మాత్రమే అంది. మీ సమాధాన పత్రాల్లో ఈ తేడాను చెరిపేయకండి. ఐసెంక్ గురువు సిరిల్ బర్ట్ కవలల దత్తాంశంపై కూడా ఆయన పోయాకనే దుమారం రేగింది, ఆ వివాదం ఇప్పటికీ తెగలేదు.

1952 వ్యాసం ఈ జాబితాలో లేదు. మూర్తిమత్వ పరిమాణాలపై ఆయన కృషిలో బహిర్ముఖత, న్యూరాటిసిజం రెండూ నేటి ఐదు కారకాల నమూనాలో నిలిచే ఉన్నాయి, మీ సిలబస్‌లోనూ ఉన్నాయి. మరోవైపు, కాలేజీ విచారణ చూసింది పత్రికల్లో ఇద్దరూ కలిసి రాసిన వ్యాసాలనే. అదే దత్తాంశాన్ని ఆధారం చేసుకొని ఐసెంక్ ఒక్కడే రాసినవీ, పుస్తకాలూ ఆ పరిధిలోకి రాలేదు. ఉపసంహరించిన వ్యాసాన్ని తెరిస్తే ఆ సంగతి దాని మీదే కనిపిస్తుంది. ధూమపానం, మూర్తిమత్వం, ఒత్తిడి గురించి ఆయన 1991లో వెలువరించిన పుస్తకం గ్రంథాలయం బీరువాలో దొరికితే తీసి చూడండి, దాని అట్ట మీద అలాంటి ముద్ర ఏదీ ఉండదు.