ఊరికి రాసిన థాంక్యూ

కొత్త పుస్తకాల్లో నేను మొదట చదివేది ‘కృతజ్ఞతలు’ పేజీ. ఇరవై పేర్లుంటాయి, ఎవరు ఏమిచ్చారో ఉండదు. పెళ్లిలో పంచే రిటర్న్ గిఫ్ట్‌లా అందరికీ ఒకటే థాంక్స్.

ధర్మవరంలో హిందూపురం ప్యాసింజర్ ఎక్కాను. దారిలో పెనుకొండ కొండ కనబడగానే పుట్టపర్తి నారాయణాచార్యులు గుర్తొచ్చారు. 1914లో పుట్టిన ఆయన పెరిగిందీ, మిసెస్ పిట్ అనే దొరసాని దగ్గర ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నదీ ఈ ఊళ్లోనే. మీసాలు రాని వయసులోనే ‘పెనుగొండ లక్ష్మి’ రాశారు. తర్వాత విద్వాన్ పరీక్షకు తన కావ్యాన్నే తాను పాఠంగా చదవాల్సొచ్చింది!

విజయనగర వైభవం పోయిందన్న దిగులే ఆ కావ్యం. నాకు మాత్రం అది పెంచిన ఊరికి చేత్తో రాసిన థాంక్యూ. ఈ ఊరు నాకేమిచ్చిందో చూడండి అంటాడు ఆ పిల్లవాడు.

ఒక్కటే పేచీ. శిథిలాలకు రాయడం తేలిక, అవి జవాబు కోసం ఎదురుచూడవు. బతికున్నవాళ్లు చూస్తారు.

ధర్మవరం పెద్దాయనొకరు తన కథల పుస్తకంలో సిరాతో నా పేరు రాసి పంపారు. చదవకుండానే వాట్సాప్‌లో దండం ఎమోజీ పెట్టేశాను. అది ఈ రైల్లోనే తెరిచాను. మగ్గం చప్పుడు ఆగిపోయాక నిద్రపట్టని ఒకమ్మ కథ వదల్లేదు.

హిందూపురంలో దిగి యాభై పైసల కార్డు కొన్నాను. ‘చాలా బాగుంది’ అని రాయబోయి ఆగి, ఆ అమ్మ గురించి మొదలుపెట్టాను. కార్డు చాల్లేదు. ఇంకోటి కొనాలి.