మళ్లీ వచ్చే పేషెంట్

అమెరికాలో ఫ్యామిలీ మెడిసిన్‌ను విడి స్పెషాలిటీగా గుర్తించింది 1969లో. మెడికల్ కాలేజీ అయ్యాక మూడేళ్ల రెసిడెన్సీ. పిల్లల వార్డు, కాన్పుల గది, ఎమర్జెన్సీ, ఐసీయూ అన్నీ తిరగాలి. చూసేవాళ్లకు అసలు శిక్షణ అదే అనిపిస్తుంది. నేను రెసిడెంట్లకు చెప్పే పాఠాలు మాత్రం క్లినిక్ వెనకున్న ఓ ఇరుకు గదిలో సాగుతాయి. రెసిడెంట్ పేషెంట్‌ను చూసొచ్చి నాకు చెప్పాలి. చేరి ఆర్నెల్లు నిండనివాళ్లయితే ఆ పేషెంట్‌ను నేనూ వెళ్లి చూడాలి. ఆ తర్వాత మామూలు కేసుల్లో వింటే చాలు. అలా ఒకేసారి నలుగురు రెసిడెంట్లను మించి చూసుకోకూడదని ప్రభుత్వ బీమా మెడికేర్ నియమం.

ఓ మధ్యాహ్నం రెండో ఏడాది రెసిడెంట్ వచ్చింది. డెబ్బై దాటిన పెద్దాయనకు నాలుగు రోజులుగా కళ్లు తిరుగుతున్నాయట. ఎంఆర్‌ఐ రాద్దామంటోంది. పడుకున్నప్పుడూ నిలబడ్డాకా బీపీ చూశావా అన్నాను. చూడలేదు. వెళ్లి చూస్తే, నిలబడగానే పై అంకె 28 పడిపోయింది. మందుల సంచి తీయిస్తే, ప్రోస్టేట్‌కని యూరాలజిస్టు వారం కిందట రాసిన టామ్సులోసిన్ బయటపడింది. ఆ యూరాలజిస్టుకు ఫోన్ చేసి, మందు ఆపించి, పెద్దాయన్ని రెండు వారాలకు రమ్మంది.

ఇంతవరకూ ఏ మంచి డాక్టరైనా చేసే పనే. అసలు పాఠం రెండు వారాల తర్వాత వచ్చింది. పెద్దాయనకు కళ్లు తిరగడం తగ్గింది గానీ, రాత్రి నాలుగైదు సార్లు లేవాల్సి వస్తోందట. ఒక బాధ పోయి పాత బాధ తిరిగొచ్చింది. ఏది భరించగలడో ఆయన్నే అడిగి, మందు సంగతి తేల్చాల్సింది ఆమే. తన వైద్యం తన ఎదుటే వచ్చి కూర్చుని లెక్క చెప్పమంటే, ఇక తప్పించుకునేందుకు లేదు.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో డిశ్చార్జి కాగితం రాసిచ్చాక ఆ మనిషి ఏమయ్యాడో తెలిసేది కాదు. నయమయ్యే ఉంటుందనుకునేవాళ్లం. మనకు పని వచ్చేసిందనీ అనుకునేవాళ్లం.

ఇక్కడి రెసిడెన్సీలో చాలాకాలం మూడేళ్లలో 1650 విజిట్లు పూర్తిచేయాలన్న లెక్క ఉండేది. 2023లో, రెసిడెన్సీలకు గుర్తింపునిచ్చే ఏసీజీఎంఈ దాన్ని తీసేసి, క్లినిక్ పేషెంట్ల కోసం 1000 గంటలు అంది. మంచి మార్పే. విజిట్లు లెక్కపెడితే జలుబుల మీద మక్కువ పెరుగుతుంది, ఎనిమిది మందులు వాడే అవ్వ వస్తే చూపు గడియారం మీదికి పోతుంది. అయితే గంటలూ లెక్కే కదా. నేను చూసేది వేరు: ఈ వారం వచ్చినవాళ్లలో ఇంతకుముందు ఆ రెసిడెంటే చూసినవాళ్లు ఎందరు?

పేషెంట్ మళ్లీ అదే రెసిడెంట్ దగ్గరికి రావడం చెప్పినంత తేలిక కాదు. ఐసీయూ డ్యూటీ పడిన నెలలో క్లినిక్‌కు రావడమే గగనం. పెద్దాయన వచ్చే పూటకు ఆమె లేకపోతే మరొకరు చూసి పంపేస్తారు. పేషెంట్‌కు పెద్ద నష్టం ఉండకపోవచ్చు, ఆమె పాఠం మాత్రం పోయినట్టే.

అందుకే జూలైలో కొత్త బ్యాచ్ రాగానే ముందు అపాయింట్‌మెంట్లు రాసే ఆవిడ దగ్గరికి తీసుకెళ్తాను. ఈవిడతో మంచిగా ఉండండి, మీ పేషెంట్లను మీకే రాస్తేనే మీకు చదువు అబ్బుతుంది అంటాను. వాళ్లు నవ్వుతారు. మూడో ఏడాది వాళ్లు మాత్రం నవ్వరు, అప్పటికే ఆవిడకు కాఫీ తెచ్చిస్తుంటారు.