తాడు కనబడినా ఎగిరాడు

మా ఇల్లు శంషాబాద్‌లో. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలైన దగ్గర్నుంచీ విమానం మోత లేని పూట మాకు లేదు. నర్కూడ దగ్గరి అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి కూడా మా మండలంలోనిదే. ఎత్తయిన గోపురం, మండపాల కోనేరు చూసి సినిమావాళ్ళు అక్కడికి తరచూ వస్తుంటారు. ఓసారి కోనేటి మెట్ల మీద షూటింగ్ చూశాను. నటి ముఖం మీదికి ఎండను మళ్ళించడానికి ఒకతను తెల్లటి థర్మాకోల్ షీటు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఒక మెట్టు దిగితే తనూ దిగుతున్నాడు. ఇంతలో పైన విమానం. ఆమె మాట ఒక్కటీ వినబడలేదు, అయినా ఎవరూ ఆపలేదు. గొంతు తర్వాత డబ్బింగులో పెడతారట. తెర మీద ఆ థర్మాకోల్ మనిషీ ఉండడు, ఆ మోతా ఉండదు.

ఎం.ఏ. తెలుగులో చేరాక మా మేడం, చూసిన ప్రతి నాటకానికీ సినిమాకీ స్పందన రాయమన్నారు. నేను మొదట ‘మాయాబజార్’ సినిమా మీద రాశాను. ‘అద్భుతం’ అని నాలుగు చోట్ల రాస్తే నాలుగింటికీ ఎర్రగీత పెట్టారు. “నీకేమనిపించిందో తర్వాత, ముందు ఏం చూశావో రాయమ్మా” అన్నారు. ఆ మాట నాకు నిజంగా అర్థమైంది మాత్రం రవీంద్రభారతిలో, సురభివాళ్ళ ‘మాయాబజార్’ నాటకం చూసిన రాత్రే.

నాయనమ్మనూ వెంట తీసుకెళ్ళాను. మాకు పక్కవరుసలో సీట్లు దొరికాయి. అక్కడినుంచి చూస్తే పక్కతెరల మధ్య సందు కనబడుతుంది. యుద్ధం మొదలైంది. ఇటునుంచో బాణం, అటునుంచో బాణం సన్నటి తీగల మీద జారుకుంటూ వచ్చి మధ్యలో ఢీకొన్నాయి. నిప్పురవ్వలు రాలాయి. ఆ క్షణంలోనే హార్మోనియం ఆగి తబలా దెబ్బ పడింది. కాసేపటికి ఘటోత్కచుడు గాలిలోకి లేచాడు. సందులో ఒక చెయ్యి తాడును బిగబట్టి, పిడికిలి మార్చి పిడికిలి వేసి లాగుతోంది. నాయనమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. “గా తాడు కనవడ్తనే ఉంది బిడ్డా. అయినా ఎట్ల ఎగిరిండో సూడు!”

నా నోటుబుక్కులో నేను గర్వపడే వాక్యం అదే. అది నాది కాదు, నాయనమ్మది.

సురభి పనితనమంతా ఆ తాడు చుట్టూనే ఉంది. దర్బారు తెర లేస్తే అడవి తెర, అది లేస్తే వీధి. అన్నీ చేత్తో రంగులు వేసినవే. గిలకలు, తీగలు, దీపాలు, పొగ. వీటిలో ఏది ఎప్పుడు కదలాలో కాగితం మీద ఉండదు, చేతుల్లో ఉంటుంది. ఈ రాత్రి రాజు వేషం కట్టినవాడు రేపు తాడు పట్టవచ్చు. పాప నడక నేర్వకముందే చిన్నికృష్ణుడిగా రంగస్థలం ఎక్కుతుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’ ఆడించినప్పటి నుంచీ ఈ చదువు కుటుంబాల్లోనే సాగుతోంది. అంతకుముందు వీళ్ళ పెద్దలు తోలుబొమ్మలాడించేవాళ్ళు. తెర వెనక దీపం, తీగ, కదిలే బొమ్మ తెలిసిన చేతులకు మనిషిని ఎగరేయడం తోచడంలో వింత లేదనిపిస్తుంది నాకు. ఆడవేషాలు మగవాళ్ళే కట్టే కాలంలో ఈ ఇళ్ళ ఆడవాళ్ళు వేదిక ఎక్కారన్నది అంతకంటే పెద్ద సంగతి. 1990ల్లో కన్నడ దర్శకుడు బి.వి. కారంత్ వచ్చి వీళ్ళతో నాటకాలు చేయించారు. సురభి బాబ్జీగా పేరుపడ్డ నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ వచ్చింది. ఒకప్పుడు పదుల్లో ఉన్న సమాజాలు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే.

నాటకం చూసొచ్చి సినిమా మళ్ళీ చూశాను. 1957 నాటిది, కె.వి. రెడ్డి దర్శకత్వం, మార్కస్ బార్‌ట్లే కెమెరా. ఇక్కడ తాడు ఎంత వెతికినా దొరకదు. దాన్ని మాయం చేయడమే ఆ పనితనం. పాండవులు సినిమాలో ఒక్కసారీ కనిపించరని నాకు మూడోసారికి గానీ తట్టలేదు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి చేసిన చోట ఆగాను. కెమెరా దగ్గరికి రాగానే కనుబొమ్మ ఎగరేసి, పెదవి బిగిస్తే చాలు, లోపల రాక్షసుడున్నాడని తెలిసిపోతుంది. అదే మాట నాటకంలో చివరి వరుసదాకా చేరాలంటే నడక మారాలి, భుజం మారాలి. ఏది గొప్ప అని నన్ను అడిగితే నాటకమనే అంటాను. సావిత్రి కనుబొమ్మ ఎన్నిసార్లు చూసినా అలాగే లేస్తుంది. రవీంద్రభారతిలో ఆ తాడు ఆ రాత్రి జారవచ్చు. జారలేదు.

ఇప్పుడు నా స్పందనలు చిన్నవయ్యాయి. ఏ తెర ఎప్పుడు లేచింది, ఎవరు ఎటు చూశారు, పక్కన కూర్చున్నవాళ్ళు ఏమన్నారు అన్నది ముందు రాసుకుంటాను. అమ్మపల్లి కోనేటి దగ్గరి థర్మాకోల్ మనిషి గురించి కూడా రాశాను. మేడం దానికి ఎర్రగీత పెట్టలేదు.

హైదరాబాద్‌లో సురభి నాటకం పడిందని తెలిస్తే ఇంట్లో పెద్దవాళ్ళనూ పిల్లలనూ తీసుకుని వెళ్ళండి. టికెట్టు కొనే వెళ్ళండి. వీలైతే పక్కవరుసలో కూర్చోండి, తాడు లాగే చెయ్యి అక్కడినుంచే కనబడుతుంది.