అతనిది మహిమ, ఆమెది మాయ

పగ కథ చదివేటప్పుడు మనం మామూలుగా వేసుకునే ప్రశ్న ఒకటే: న్యాయం ఎవరి పక్షాన ఉంది? స్త్రీలుగా చదివేటప్పుడు అంతకంటే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న మరొకటి ఉందని నాకనిపిస్తుంది. ఆ కథలో శక్తి ఎవరెవరి దగ్గరుంది? ఎవరి శక్తిని ఏ పేరుతో పిలుస్తున్నారు? మగవాడి దగ్గరున్నప్పుడు మహిమ అనిపించుకున్నదే ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికి మాయ, కుతంత్రం ఎందుకవుతుంది?

అమెరికన్ రచయిత్రి వి.ఇ. ష్వాబ్ నవల 'విషియస్' (2013) చదువుతున్నంతసేపూ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. అందుకు కారణం ఆ నవల ఒక్కటే కాదు. మాది నకరికల్లు. పల్నాటి యుద్ధం జరిగిన కారంపూడి మాకు దూరం కాదు. బ్రహ్మనాయుడూ నాగమ్మా కోడిపోరూ మాకు బడి పుస్తకంలోకి రాకముందే ఇంట్లో, పొలంలో, బస్సులో వినబడే మాటలు. ఒకప్పుడు ఒకచోట మసలిన వాళ్ళు ఒకరినొకరు సర్వనాశనం చేసుకునే కథ నాకు ఇంగ్లీషు నవలతో మొదలు కాలేదు. అందుకే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలనిపించింది.

'విషియస్' పెద్దవాళ్ళ కోసం రాసిన చీకటి నవల. అతీత శక్తులున్న మనుషుల కథే అయినా ఇందులో లోకాన్ని కాపాడే వీరుడెవడూ లేడు. విక్టర్ వేల్, ఈలై కార్డేల్ ఒకే విశ్వవిద్యాలయంలో, ఒకే గదిలో ఉండే విద్యార్థులు. ఇద్దరూ తెలివైనవాళ్ళు. ఇద్దరికీ ఎదుటివాడి తెలివి మీద ఇష్టమూ ఉంది, అసూయా ఉంది. చావు అంచుదాకా వెళ్ళి వెనక్కి వచ్చినవాళ్ళకి అసాధారణ శక్తులు వస్తాయన్నది ఈలై పరిశోధన. సిద్ధాంతంతో తృప్తిపడక ఇద్దరూ తమ ఒంటి మీదే ప్రయోగం చేసుకుంటారు. మంచునీటి తొట్టిలో చచ్చి బతికిన ఈలైకి ఏ గాయమైనా మానిపోయే శరీరం వస్తుంది. విక్టర్‌కి నొప్పిని పెంచే, తుంచే శక్తి వస్తుంది. ఆ ప్రయోగంలో ఒక అమ్మాయి చనిపోతుంది. విక్టర్ జైలుకి పోతాడు. పదేళ్ళ తర్వాత తప్పించుకుని, పాత స్నేహితుణ్ణి వెతుక్కుంటూ బయల్దేరతాడు. రచయిత్రి కాలాన్ని ముందుకీ వెనక్కీ తిప్పుతూ, స్నేహం ఎక్కడ విరిగిందో చివరిదాకా తేల్చకుండా కథ నడుపుతుంది. చదివించే గుణం పుష్కలంగా ఉన్న నవల.

ఇందులో నాకు అన్నిటికంటే పదునుగా కనిపించింది ఈలై పాత్ర. ఈలైకి దేవుడంటే నమ్మకం. తాను చచ్చి బతకడం దైవసంకల్పం అనుకుంటాడు. అదే దారిలో శక్తులు పొందిన ఇతరులు మాత్రం ఆత్మ పోగొట్టుకున్నవాళ్ళనీ, ప్రకృతికి విరుద్ధమైనవాళ్ళనీ తీర్మానించి ఒక్కొక్కర్నీ వెతికి చంపుతుంటాడు. వాళ్ళకీ తనకీ తేడా ఏమిటంటే అతని దగ్గర విశ్వాసం తప్ప మరో జవాబు లేదు. తన శక్తి వరం, ఎదుటివాళ్ళది పాపం. ఇంత సూటిగా ఆధిపత్యపు తర్కాన్ని చూపించిన జనరంజక నవలలు నేను ఎక్కువ చదవలేదు. పితృస్వామ్యం అన్న మాట ష్వాబ్ ఎక్కడా వాడదు. కానీ పేరుపెట్టే అధికారం చంపే అధికారంగా ఎలా మారుతుందో మాత్రం స్పష్టంగా చూపిస్తుంది.

ఆ చూపు ఇందులోని స్త్రీల దాకా వెళ్ళిందా? ఏంజీ సంగతి చూడండి. ఆమె విక్టర్‌కి స్నేహితురాలు, ఈలైకి ప్రియురాలు. విక్టర్ ప్రయోగానికి సాయం చెయ్యబోయి, అదుపు తప్పిన అతని శక్తికి బలైపోతుంది. ఆమె చావు ఇద్దరు మగవాళ్ళ వైరానికి కారణంగా పనికొస్తుంది. ఆ తర్వాత ఏంజీ జ్ఞాపకంగా కూడా పెద్దగా మిగలదు. ఆమె ఏం చదువుకుంది, ఏం కావాలనుకుంది అన్నవి కథకి అవసరం లేదు. మగవాళ్ళ పగకి మొదటి పేజీలో ఒక ఆడదాని శవం కావాలి, అంతే.

క్లార్క్ అక్కచెల్లెళ్ళు అంతకంటే జటిలమైన పాత్రలు. గడ్డకట్టిన సరస్సు పగిలి ఇద్దరూ నీళ్ళలో పడి, చచ్చి బతుకుతారు. చిన్నది సిడ్నీ చనిపోయినవాళ్ళని లేపగలదు. పెద్దది సెరెనా ఏం చెప్తే ఎదుటివాళ్ళు అది చేసి తీరతారు. నవలలో ఈలైని నిలువరించగల ఒకే ఒక్క మనిషి సెరెనా. తనని చంపడానికి వచ్చినవాణ్ణి ఆమె మాటతో ఆపుతుంది. ఆ తర్వాత? ఆ శక్తినంతా తీసుకెళ్ళి అతని వేటకే వినియోగిస్తుంది. పోలీసుల్ని అతని పనికి లొంగదీస్తుంది. సొంత చెల్లెల్నే అతని తుపాకీ ముందుకు తెస్తుంది. ఎవరూ కాదనలేని గొంతు ఉన్న స్త్రీకి ఆ గొంతుతో తనకోసం ఏం అడగాలో తెలియకపోవడం ఈ నవలలో అన్నిటికంటే విషాదం. సెరెనా లోపలి శూన్యాన్ని రచయిత్రి గుర్తించింది. ఎవరూ ఎదురుచెప్పని బతుకులో మనిషికి తన కోరికేమిటో కూడా తెలియకుండా పోతుందన్న సూచన కొన్నిచోట్ల ఉంది. కానీ దాన్ని చివరిదాకా తీసుకెళ్ళలేదు. సెరెనా విక్టర్ చేతిలో చస్తుంది. చెల్లెలు మళ్ళీ లేపకుండా శవాన్ని కాల్చేయిస్తారు. సిడ్నీ శక్తి మాత్రం విక్టర్ పథకాలకి పనికొస్తుంది. ఆఖరికి చచ్చిన విక్టర్‌ని లేపడానికీ పనికొస్తుంది. మగవాడి శక్తి గాయపరచడానికో, గాయపడకుండా ఉండడానికో. ఆడపిల్ల శక్తి ఇంకొకర్ని బతికించడానికి. పంపకం పాతదే.

ఇక మా కథ. పన్నెండో శతాబ్దంలో జరిగిందని చెప్పే పల్నాటి యుద్ధానికి మూలం అన్నదమ్ముల తగాదా. అనుగురాజు కొడుకులు నలగామరాజు, మలిదేవాదులు సవతి అన్నదమ్ములు. రాజ్యం గురజాల, మాచర్లగా చీలింది. అటు మంత్రి నాగమ్మ, ఇటు మంత్రి బ్రహ్మనాయుడు. వీళ్ళిద్దరూ విక్టర్, ఈలైల్లాగా స్నేహితులని నేననను. కానీ చీలిక రాకముందు ఇద్దరూ ఒకే రాజకుటుంబపు నీడలో ఎదిగినవాళ్ళే. శ్రీనాథుడి పేరున ఉన్న ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. వీరవిద్యావంతులు తరతరాలుగా పాడుతున్న కథ వేరే ఉంది. అలిసెట్టి గాలెయ్య పాడిన ఆ మౌఖిక కథని జీన్ రోగేర్ ఇంగ్లీషులోకి అనువదించి 1982లో ప్రచురించారు. ఏటా కార్తీక అమావాస్యకి కారంపూడిలో మొదలయ్యే వీరుల తిరునాళ్ళలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు పేర్లతో ఐదు రోజులు ఆ కథే మళ్ళీ నడుస్తుంది. మాకది చరిత్ర మాత్రమే కాదు, కొలుపు కూడా.

ఈ కథలో బ్రహ్మనాయుడు విష్ణు అంశ. అతను చేసే అద్భుతాలన్నీ చెన్నకేశవుడి మహిమలు. నాగమ్మ జిట్టగామాలపాడులో పెరిగిన, చిన్ననాడే భర్తని పోగొట్టుకున్న స్త్రీ. అనుగురాజు దగ్గర ఏడు ఘడియల మంత్రిత్వానికి మాట తీసుకుందని చెప్తారు. వారసత్వం లేదు, భర్త అండ లేదు, కొడుకు లేడు. రాజ్యం నడిపే బుద్ధి ఉంది. ఆ బుద్ధికి కథ పెట్టిన పేరేమిటో గమనించండి. కోడిపోరులో ఆమె పుంజు గెలిచింది. మోసం చేసిందంటారు కొందరు, మంత్రించిందంటారు కొందరు. మంచి పుంజుని ఎంచుకుని బాగా మేపి తయారుచేసి ఉంటుందని ఎవరూ అనరు. ఆడది పందెం గెలిస్తే పందెంలోనే ఏదో ఉండి ఉండాలి! ఓడినవాళ్ళు ఏడేళ్ళు ఊరొదిలి పోవడం పందెం షరతు. రెండు పక్షాలూ ఒప్పుకున్న షరతే. కానీ ఆ వలసకి బాధ్యత నాగమ్మ ఒక్కదానిదే అయింది. పెద్ద మనిషి, రాజనీతిజ్ఞుడు అయిన బ్రహ్మనాయుడు రాజ్యాన్ని కోడిపుంజు కాళ్ళకి ఎందుకు కట్టాడని అడిగినవాళ్ళు తక్కువ.

అలాగని నాగమ్మని కడిగిన ముత్యం చేసి చూపించాలని నా ఉద్దేశం కాదు. రాయబారానికి వచ్చిన అలరాజుకి విషం పెట్టించిన నేరం కథలో ఆమె మీద ఉంది. స్త్రీవాద పఠనం అంటే ప్రతి దుష్టపాత్రకీ క్షమాభిక్ష పెట్టడం కాదు. ఇటుపక్క బ్రహ్మనాయుడి చాపకూటినీ తక్కువ చేసి మాట్లాడలేం. అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టడం, మాల కన్నమదాసుని కొడుకుగా చూసుకుని సేనాపతిని చెయ్యడం ఈనాటికీ మన పల్లెలు పూర్తిగా అరిగించుకోలేని పని. పల్నాటి దళితులు ఆ కథని గుండెల్లో పెట్టుకున్నారంటే అందుకు గట్టి కారణమే ఉంది. నేను అడిగేది ఇది: కులం గీతల్ని చెరపగలిగిన ఆ కథ స్త్రీ దగ్గర ఎందుకు ఆగిపోయింది? కన్నమదాసుకి చాప మీద చోటు దొరికింది. నాగమ్మ తెలివికి కొలువులో గౌరవంగా చోటు ఎందుకు దొరకలేదు? అణచివేతలన్నీ ఒకేసారి కూలవనీ, ఒకదాన్ని ప్రశ్నించిన గొంతే మరొకదాన్ని మోయగలదనీ ఈ కథ చెప్తున్నట్టుగా నాకు ఇంకే కథా చెప్పలేదు.

మిగిలిన స్త్రీలకి కథ ఇచ్చిన స్థానాలు కూడా చూడాలి. నలగాముడి కూతురు, అలరాజు భార్య పేరిందేవి పుట్టింటి పగకి భర్తని పోగొట్టుకుని సహగమనం చేస్తుంది. బాలచంద్రుడు ఇన్నాళ్ళూ శ్యామాంగి ఇంట్లో ఉండి, యుద్ధానికి పోయేముందు భార్య మాంచాల గుమ్మంలోకి వస్తాడు. ఆమె అతన్ని ఇంట్లో కట్టిపడెయ్యకుండా యుద్ధానికి సాగనంపుతుంది. అందుకే ఆమె వీరపత్ని. భర్తని చావుకి పంపిన స్త్రీ ఆరాధ్యురాలు, సొంతంగా యుద్ధం నడిపిన స్త్రీ రాక్షసి. 1947లో కన్నాంబ, 1966లో భానుమతి నాగమ్మ వేషం వేసి 'పల్నాటి యుద్ధం' సినిమాల్లో ఆ పాత్రకి ఠీవి తెచ్చారు. చూసినవాళ్ళకి నాగమ్మే గుర్తుండిపోయింది. అయినా తీర్పు మారలేదు.

ముగింపులు మరీ ఆసక్తికరం. యుద్ధంలో అందరూ పోయాక బ్రహ్మనాయుడు నలగాముణ్ణి క్షమించి, రాజ్యం అతనికే వదిలి గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడంటారు. ఎంత రక్తపాతం జరిగినా మగవాడికి చివర్లో వైరాగ్యం అనే గౌరవప్రదమైన ద్వారం ఒకటి తెరిచి ఉంటుంది. నాగమ్మ చివరికేమైందో ఒక్కో కథనం ఒక్కోలా చెప్తుంది. 'విషియస్'లో విక్టర్ చచ్చినా సమాధి దగ్గర సిడ్నీ ఉంటుంది, లేపడానికి. సెరెనాకి ఆ అవకాశం లేకుండా ముందే నిప్పు పెట్టారు. ఎనిమిది వందల ఏళ్ళ తేడా ఉన్న రెండు కథలు శక్తిమంతురాలైన స్త్రీని మళ్ళీ రానివ్వకుండా జాగ్రత్తపడటంలో మాత్రం ఒక్కలాగే ఉన్నాయి.

ష్వాబ్ ఈ లోటుని గ్రహించిందేమో, 2018లో వచ్చిన రెండో నవల 'వెంజ్‌ఫుల్'లో మార్సెల్లా రిగిన్స్‌ని తెచ్చింది. భర్త కొట్టి, ఇంటికి నిప్పుపెట్టి చావమని వదిలేస్తే బతికి లేచిన స్త్రీ. ముట్టుకున్నదాన్నల్లా శిథిలం చేసే శక్తి ఆమెది. అగ్నిలోంచి లేచిన ఆడదాని కథలు మనకీ ఉన్నాయి. పవిత్రత నిరూపించుకోవడానికి కాకుండా లెక్క తేల్చుకోవడానికి లేచిన కథలు తక్కువ. ఈలైలాగా దేవుణ్ణి అడ్డుపెట్టుకోకుండా, సెరెనాలాగా ఇంకొకరి వేటకి తోడుపోకుండా, నాకు అధికారం కావాలి అని పైకి చెప్పే పాత్ర మార్సెల్లా. పాఠకులు ఆమెని ప్రేమించాలని రచయిత్రి అడగదు. విక్టర్‌కి ఇచ్చినంత వెసులుబాటు ఆమెకీ ఇచ్చి చూడమంటుంది. మొదటి నవల కంటే ఇక్కడ ఆమె ఒక అడుగు ముందుకి వేసిందనే నేననుకుంటాను.

ఇదంతా పుస్తకాల గొడవే అనుకుంటే పొరపాటు. మా వైపు మిరపకోతల్లో కూలిరేటు దగ్గర గట్టిగా నిలబడ్డ ఆడమనిషిని "అమ్మో, నాయకురాలు" అంటారు. ఆ మాటలో మెచ్చుకోలు పావలా అయితే హెచ్చరిక ముప్పావలా. బాణామతి, చేతబడి అన్న అనుమానంతో మన తెలుగు పల్లెల్లో మనుషుల్ని కొట్టారు, పళ్ళు ఊడగొట్టారు, చంపారు. చంపినవాళ్ళెవరూ తాము హంతకులమనుకోలేదు, ఈలైలాగే ఊరిని కాపాడుతున్నామనుకున్నారు. కథల్లో పెట్టిన పేర్లు కథల్లోనే ఉండిపోవు.

మన రచయిత్రులు సీతనీ అహల్యనీ శూర్పణఖనీ మళ్ళీ పలికించారు. పురాణాలంత దూరం పోకుండా, పల్నాటి మట్టిలోని ఈ మంత్రిణి దగ్గర కూడా ఆగాలని నా కోరిక. ఆమెని దేవతని చెయ్యనక్కర్లేదు. ఆ విషపు గిన్నె దగ్గర ఆమె ఏమాలోచించిందో, ఆ ఏడు ఘడియలు ఎందుకడిగిందో ఆమె గొంతుతో చెప్పించగలిగితే చాలు. విక్టర్ లాంటివాణ్ణి మూడువందల పేజీలపాటు ఓపిగ్గా అర్థం చేసుకోగలిగిన పాఠకులకి నాగమ్మ కోసం ఓపిక ఉండదని నేననుకోను.