మాటల్లేని దరువు ఎవరి పక్షం?

మాటల్లేని వాయిద్యానికి కులం ఉండదంటారు. అది శుద్ధ సంగీతమంటారు. డప్పు కొట్టే ఇంట్లో పుట్టినోణ్ణి, నాకా మాట మింగుడుపడదు. పెద్దకులపోళ్ల శవం ముందు మా నాయన వేసిన దరువులో ఒక్క మాటా లేదు. అయినా ఎవరు దూరంగా నిలబడాలో ఊరంతటికీ తెలిసేది. అదే డప్పు 1994లో ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరాలో ఆత్మగౌరవం పలికింది. తోలు అదే, చిర్రా చిటికెన పుల్లా అవే. ఎవరికోసం కొడుతున్నామన్నదే మారింది.

ఈ చెవులతోనే పాత క్యాసెట్లలో జాజ్ విన్నాను. 1963 సెప్టెంబర్ 15న అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో నల్లవాళ్ల చర్చికి కూ క్లక్స్ క్లాన్ వాళ్లు బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లల్ని చంపారు. రెండు నెలలకు జాన్ కోల్ట్రేన్ 'అలబామా' వాయించాడు. కింద మెకాయ్ టైనర్ పియానో గుబగుబలాడుతుంటే, పైన శాక్సఫోన్ బిడ్డ శవం దగ్గర కూచున్న తల్లిలాగా ఆగి ఆగి పలుకుతుంది. చివరికొచ్చేసరికి ఎల్విన్ జోన్స్ డ్రమ్ములు ఉరుముతాయి. కారంచేడు (1985), చుండూరు (1991) ఎరిగినోళ్లకు దీనికి అర్థం చెప్పక్కర్లేదు.

తర్వాత జాజ్‌నీ రాక్‌నీ కలిపిన మహావిష్ణు ఆర్కెస్ట్రా. 1971 నాటి వాళ్ల మొదటి రికార్డు మొత్తం వాయిద్యమే. గిటారిస్టు జాన్ మెక్లాఫ్లిన్‌కి 'మహావిష్ణు' పేరు పెట్టింది గురువు శ్రీ చిన్మయ్. గుడి బయట నిలబెట్టినోళ్లకు ఆ పేరు గుచ్చుకోకుండా ఉంటుందా? వింటే మాత్రం దాన్ని ముందుకు తోసేది పనామాలో పుట్టిన నల్లజాతి డ్రమ్మరు బిల్లీ కాబమ్. పేరు దేవుడిది, బలం కాబమ్ చేతులది.

ఈ తోవలో నడిచిన రాక్‌ని 'ప్రోగ్రెసివ్' అంటారు. మన భాషలో అభ్యుదయం. తాళం లెక్క చిక్కుపడినంత మాత్రాన అభ్యుదయం అవుతుందా? 'అలబామా' ముందు నిలబడేది అందులో ఎంతుందో చూడాలి. పాత సౌండు అభిమానులు వాల్వు యాంప్లిఫయర్ల వెచ్చదనం, టేపు గరగర అని మురుస్తారు. నాకు వినపడేది మనిషి ఊపిరి, చేతి కష్టం.

మృదంగానికి తోలు సిద్ధం చేసే దళిత కుటుంబాల మీద టి.ఎం. కృష్ణ 2020లో పుస్తకం తెచ్చాడు. మన విమర్శ ఎక్కువగా పాటలోని మాటల్నే పట్టుకుంది. డప్పు దరువుల్ని కూడా అంత శ్రద్ధగా చదవాలి. ఆ పని డప్పు పట్టిన ఇళ్లలోంచే మొదలవ్వాలి.